ఆపరేషను అమ్మది



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి అడ్డపొగ అంటే విడమరచి చెప్పనక్కర్లేదు. మిగతా ప్రాంతాల శ్రోతల కోసం ఒక్క మాట చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళే. ఊడ్పుల్లోనూ కోతల్లోనూ చేతులు రెండూ పనిలో ఉన్నా చుట్ట నోట్లో ఉంటుంది, గాలికి ఆరిపోదు, చాలాసేపు వస్తుంది. ఆ వేడంతా నేరుగా అంగిలికి తగులుతుంది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి దంతవైద్య పరిశోధకులు 1960ల్లోనే శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, నోళ్ళు తెరిపించి చూసి, ఈ అలవాటుకీ అంగిలి మీది మచ్చలకీ పుళ్ళకీ ఉన్న సంబంధం గురించి రాశారు. ఆ రాతలు దేశదేశాల డాక్టర్లు చదివారు. మా ఊరు చదవలేదు.

మా అమ్మ పెళ్ళికి ముందు నుంచీ అడ్డపొగ తాగింది. అరవై దాటాక అంగిలి మీద కుడిపక్క ఎర్రటి మచ్చ లేచింది. మచ్చ పుండయింది. పై పళ్ళు రెండు కదలడం మొదలెట్టాయి. నొప్పి లేదు గనక ఎవరికీ చెప్పలేదు. పళ్ళ డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్ అని వచ్చింది. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. పాకదు. ముక్క పరీక్ష లేకుండా ఏ పెద్ద ఆసుపత్రిలోనూ వైద్యం మొదలుపెట్టరు.

నేను డాక్టర్ని కాను, బడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకునే మనిషిని. పెద్ద ఆపరేషను తప్పదన్నప్పుడు కన్నబిడ్డలు ఏం చేయవచ్చో, ఏ విషయంలో పక్కకి తప్పుకోవాలో చెప్పడానికే ఈ పూట మీ ముందుకొచ్చాను. ఆసుపత్రి వరండాల్లో కూర్చున్న ఎన్నో కుటుంబాలని దగ్గర నుంచి చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటే. మన వాళ్ళకి ప్రేమ తక్కువ కాదు, ఎక్కువ. ఆ ఎక్కువ ప్రేమతోనే రోగిని పక్కన కూర్చోబెట్టేసి మిగతా అందరం కలిసి వైద్యం నడిపిస్తాం.

మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. రిపోర్టు రాగానే హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోను. "అప్పా, అమ్మకి చెప్పొద్దు. బెంగతోనే పోతాది." మావయ్య కూడా అదే మాట. పుండు పెద్దదయింది, చిన్న ఆపరేషను చేసి తీసేస్తారని చెబుదాం అన్నారు. మొదటిసారి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు గదిలో మేం నలుగురం, బయట బెంచీ మీద అమ్మ. మేం మొహాలు కడుక్కుని బయటకొచ్చేసరికి అమ్మ నా వైపు చూసి అంది: "ఏటే గుంటా, నోరు నాది. నాకు తప్ప అందరికీ సెప్పినారు."

క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు కింద కూర్చున్న మనిషికి క్యాన్సర్ సంగతి దాచగలం అనుకోవడం వింతే. చుట్టూ బోడిగుండ్లు, ముక్కులో గొట్టాలు. పక్క బెంచీ వాళ్ళు "నీకెక్కడమ్మా?" అని అడుగుతారు. దాచామని మనం అనుకుంటాం. తెలిసిన సంగతిని మన కోసం తెలియనట్టు దాచుకునే బరువు వాళ్ళ మీద పడుతుంది.

రెండోసారి అమ్మని లోపలికి తీసుకెళ్ళాం. ఆ సర్జనమ్మ చేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. మమ్మల్ని పలకరించి, కుర్చీ అమ్మ దగ్గరకి జరుపుకుని, "మీ నోట్లో ఏముందని మీరనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. అమ్మ "సెడ్డ పుండు" అంది. "దాని గురించి అంతా చెప్పమంటారా, మీ పిల్లలకి చెప్పి వదిలేయమంటారా?" అన్నారు. ఈ ప్రశ్న చాలా విలువైనది. అన్నీ తెలుసుకోవాలని అందరికీ ఉండదు. "మా పెద్దోడికి చెప్పండి బాబూ, నాకొద్దు" అనే తండ్రులున్నారు. అదీ ఆయన నిర్ణయమే, కాదనకూడదు. కానీ ఆ మాట ఆయన నోట రావాలి. మా అమ్మ మాత్రం "సెప్పండి" అంది. విన్నాక కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: చేపల పులుసు తినగలనా?

మేం రాసుకెళ్ళిన కాగితంలో ఆ ప్రశ్న లేదు. మా కాగితం నిండా స్టేజీలు, పర్సెంటేజీలు.

స్టేజీ అన్నాను గనక ఒక సంగతి చెప్పాలి. స్కాన్ రిపోర్టులో పుండు పై దవడ ఎముకని దాటిందని ఉంది. దాన్ని బట్టి స్టేజ్ 4ఏ అని రాశారు. తమ్ముడు ఆ నాలుగు అంకె చూసి కుప్పకూలిపోయాడు. నాలుగో స్టేజీ అంటే ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోవడమేనని మనందరి మనసుల్లో నాటుకుపోయింది. నోటి క్యాన్సర్ లెక్క వేరు. ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లకి పాకకపోయినా, జబ్బు ఎముకలోకి దిగితే చాలు నాలుగులోకే చేర్చి 4ఏ అంటారు. దానికి ఆపరేషను చేసేది నయం చేద్దామన్న ఉద్దేశంతోనే. దూరంగా పాకితే 4సీ అంటారు. అక్కడ ఆలోచన మారుతుంది. అంకె పక్కన ఉన్న అక్షరం చూడకుండా, డాక్టరు నోట వినకుండా, ఫోనులో వెతికి గుండె పగలగొట్టుకోవద్దు.

ఆ ఆసుపత్రిలో వారానికోసారి సర్జన్లు, రేడియేషన్ డాక్టర్లు, కీమో డాక్టర్లు, స్కానింగు చూసేవాళ్ళు ఒకే గదిలో కూర్చుని ఒక్కొక్క రోగి గురించి మాట్లాడుకుంటారు. ట్యూమర్ బోర్డు అంటారు దాన్ని. మీరు వెళ్ళే ఆసుపత్రిలో అలాంటిది ఉందా అని అడగండి. లేకపోతే ఆపరేషనుకు ముందే ఒక రేడియేషన్ డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి. రెండో అభిప్రాయం అడిగితే మొదటి డాక్టరు ఏమనుకుంటారోనని మొహమాట పడతాం. మంచి డాక్టరు ఏమీ అనుకోరు. ముక్క పరీక్ష చేసిన చోట రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకుంటే చాలదు, మైనం బ్లాకులు, గాజు స్లైడ్లు అడిగి తీసుకోండి. అవి ఉంటే మరోచోట ఇంకో పాథాలజిస్టు మళ్ళీ చూడగలరు, మళ్ళీ ముక్క తీయించుకునే బాధ తప్పుతుంది.

మెడ గురించి మా తమ్ముడికి ఒక పట్టు. "మెడలో గడ్డే లేదు కదా, మెడ ఎందుకు కోస్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు సరిగ్గా ఈ ప్రశ్న మీదే పరిశోధన చేసి 2015లో ప్రచురించారు. మెడలో గడ్డ తగలని తొలిదశ నోటి క్యాన్సర్ వాళ్ళలో, సగం మందికి నోటితోపాటే మెడ గ్రంథులు తీసేశారు, సగం మందికి గడ్డ కనబడితే అప్పుడు తీద్దామని ఆగారు. మూడేళ్ళకి మొదటివాళ్ళలో నూటికి 80 మంది, రెండోవాళ్ళలో నూటికి 67, 68 మంది ప్రాణాలతో ఉన్నారు. తొలిదశ వాళ్ళకే అంత తేడా వస్తే, ఎముక దాకా వచ్చిన అమ్మకి మెడ వదిలేయమని ఎలా అంటామన్నారు డాక్టరు. కారణం చెబితే ఒప్పుకోని మనిషి కాదు తమ్ముడు. కారణం అడగడానికే చాలామంది జంకుతారు.

అసలు చిక్కు ఆపరేషను తర్వాత ఏం పెడతారన్న దగ్గర వచ్చింది. దీని గురించి కొంచెం ఓపిగ్గా చెబుతాను.

పై దవడలో కుడివైపు భాగం, అంగిలితో సహా తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోతుంది. మాట ముక్కులోంచి వస్తుంది, మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి కారతాయి. ఆ కన్నం మూయడానికి రెండు దారులు. ఒకటి, కాలి పిక్కలోని సన్న ఎముకని కండతో, రక్తనాళంతో సహా తీసుకొచ్చి దవడలో అమర్చి, మెడలోని రక్తనాళాలకి మైక్రోస్కోపు కింద కుట్టడం. పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాటుతుంది. ఆ తర్వాత అతుకులో రక్తం ఆడుతోందా అని గంటగంటకీ చూస్తారు. బాగా అతికితే శాశ్వతం. రెండోది, ఆబ్ట్యురేటర్ అనే ప్లేటు. కట్టుడు పళ్ళ సెట్టు లాంటిదే, పైన కన్నంలో ఇమిడే బుడిపె ఉంటుంది. తీసి కడుక్కుని పెట్టుకోవాలి. జీవితాంతం.

అమ్మ నోట్లో ఎడమవైపు పళ్ళు గట్టిగా ఉన్నాయి గనక ప్లేటు బాగానే పట్టుకుంటుంది, ఈమెకి రెండూ చేయవచ్చు అన్నారు డాక్టరు. తమ్ముడు వెంటనే మొదటిదే అన్నాడు. అది కొత్త పద్ధతి, గొప్ప పద్ధతి, అమ్మకి గొప్పదే చేయించాలి. నాకూ అదే అనిపించింది. రోజూ నోట్లోంచి దవడ తీసి కడుక్కోవడమేమిటి?

అమ్మ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోనాడు వచ్చి డాక్టర్నే అడిగింది. "కాలు కోస్తే తోటకి ఎప్పుడు నడుస్తాను?" చాలామంది కొన్ని వారాల్లో మామూలుగానే నడుస్తారు, కొందరికి చీలమండ దగ్గర కొంత బలహీనత మిగులుతుంది అని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పారు. అమ్మకి ఊరికి పైన గట్టు వాలులో జీడితోట ఉంది. నాన్న పోయాక ఒక్కతీ చూసుకుంటోంది. "నోరు ఎలాగా పాడయింది. బాగున్న కాలు ఎందుకు పాడుసేసుకోడం?" అంది. ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఇంకా గట్టిది. "అది ఎట్టి తీసేదైతే, లోపల మళ్ళీ వచ్చిందో లేదో సూసుకోవచ్చు గదా?" డాక్టరు నవ్వి, ప్లేటులో ఉన్న పెద్ద లాభం అదేనన్నారు. కండ కప్పేస్తే లోపల ఏం జరుగుతోందో స్కాన్ చేస్తేనే తెలుస్తుంది, ప్లేటు తీస్తే టార్చిలైటు చాలు.

తమ్ముడు ఒప్పుకోలేదు. అమ్మకి తెలీదు, మనం నచ్చజెప్పాలి అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. నేను అన్నది ఇదే: అమ్మ అడిగిన రెండు ప్రశ్నలూ మనకి తట్టలేదు. ఆమెకి తెలీదని ఎలా అంటాం?

చివరికి అమ్మ కోరిన ప్లేటే ఖాయమైంది. వేరే ఇంట్లో ఇంకో మనిషి కాలి ఎముకే ఎంచుకోవచ్చు. అది ఆ మనిషికి సరైనదే అవుతుంది. నలుగురిలో తిరిగే ఉద్యోగం చేసేవాళ్ళకి, పళ్ళు లేనివాళ్ళకి, కన్నం మరీ పెద్దదైనవాళ్ళకి ప్లేటు కష్టం. ప్లేటు మంచిదా కండ మంచిదా అని ఈ ప్రసంగం విని ఎవరూ తేల్చుకోవద్దు.

ఆపరేషను అంగీకార పత్రం వచ్చినప్పుడు మావయ్య పెన్ను తీశాడు, ఇంటి పెద్దగా తనే సంతకం పెడతానని. ఊరూరా ఇదే ఆచారం. చట్టం వేరేలా ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకామెని పరీక్ష కోసమని మత్తిచ్చి పడుకోబెట్టి, ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదకి వచ్చిన అత్యవసరం కానప్పుడు, పెద్దవయసు మనిషికి బదులు కన్నతల్లి ఒప్పుకున్నా చెల్లదని కోర్టు అంది. తల్లి మాటే బిడ్డకి చెల్లనప్పుడు బిడ్డల మాట తల్లికి చెల్లుతుందా? అమ్మ వేలిముద్ర వేయబోయింది. నేను పట్టుబట్టి సంతకం పెట్టించాను. వయోజన విద్య రోజుల్లో నేర్చుకున్న సంతకం, వంకరటింకరగా వచ్చింది. కాగితంలో ఏముందో ముందు చదివి వినిపించాకే పెట్టింది.

ఆపరేషనుకు ముందు చేయవలసిన పనులు కొన్ని ఉంటాయి, అవి పిల్లలు చూసుకోదగ్గవి. ఆపరేషను అనుకున్న రోజే చుట్ట మానాలి, లేకపోతే గాయం సరిగా మానదు, మత్తు తర్వాత ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. ప్లాస్టిక్ గొట్టాల్లో మూడు బంతులుండే ఊపిరి యంత్రం ఇస్తారు. దాన్ని రోజూ పీల్చి బంతులు లేపాలి. అమ్మ మనవడితో పందెం వేసి లేపేది. రక్తం పలచనయ్యే మాత్రలు, షుగరు మాత్రలు ఏం వాడుతున్నారో మత్తు డాక్టరుకి చీటీతో సహా చూపించాలి. పాడైన పళ్ళేవైనా ఉంటే ముందే తీయించేయాలి. రేడియేషన్ పడ్డ దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానక కుళ్ళిపోయే ప్రమాదముంది.

పండగ వెళ్ళాక చేయించుకోవచ్చా అని అమ్మ అడిగింది. వారం పది రోజులకేం కాదు, నెలలు దాటకూడదన్నారు. సంక్రాంతి చేసుకునే వెళ్ళాం. కంగారులో నిన్న తేలింది నేడే కోసేయాలని తొందరపడేవాళ్ళని చూశాను, ఊళ్ళో పసరు మందు మింగిస్తూ మూడు నెలలు పోగొట్టుకున్నవాళ్ళనీ చూశాను. ఎవరేమిచ్చినా అమ్మ ముందు వాళ్ళతో గొడవ పడొద్దు. ఆ మందేదో డాక్టరుకి చూపించి, వైద్యం అయ్యేదాకా పక్కన పెట్టించండి. కొన్ని పసర్లు లివరుని దెబ్బతీస్తాయి, అప్పుడు అసలు మందు ఇవ్వలేక డాక్టర్లు ఆగిపోవాల్సి వస్తుంది.

ఆపరేషను రోజు గురించి చెప్పడానికేమీ లేదు. కూర్చోవడమే.

ఆ తర్వాతి రాత్రుల గురించి మాత్రం మాకు ముందెవరూ చెప్పలేదు. ఐసీయూలో రెండో రాత్రి అమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఎప్పుడో పోయిన మా అమ్మమ్మతో సైగలతో మాట్లాడుతోంది, ముక్కులో గొట్టం పీకేయబోయింది. మెదడుకేదో అయిపోయిందని వణికిపోయాను. నర్సు కంగారు పడలేదు. పెద్దవయసు వాళ్ళకి పెద్ద ఆపరేషన్ల తర్వాత ఇలా వస్తూ ఉంటుంది, డెలీరియం అంటారు, డాక్టరుకి చెబుతాను అంది. పగలు కిటికీ తెర తీయమంది, కళ్ళజోడు పెట్టమంది. ఇది ఏ రోజో ఏ ఊరో నెమ్మదిగా చెబుతూ ఉండమంది, రాత్రి నిద్ర చెడగొట్టొద్దంది. తెలిసిన గొంతు పక్కనుంటే చాలా మేలు. కొన్నాళ్ళకి తేరుకుంది. అప్పుడామె చేసిన పనులు ఇప్పటికీ ఆమెకి గుర్తులేవు. మేమూ ఎత్తలేదు.

ప్లేటు సంగతి. ఆపరేషనుకు ముందే పళ్ళ డాక్టరు అమ్మ నోటి అచ్చు తీసుకుని తాత్కాలికపు ప్లేటు తయారుచేశారు, ఆపరేషను బల్ల మీదే అది పెట్టేశారు. కొన్నాళ్ళకి దాన్ని తీసి, లోపలి దూది తీసి, ఇంకోటి పెట్టారు. గాయం మానుతూ కుంచించుకుపోతుంది గనక ప్లేటుని మళ్ళీమళ్ళీ సరిచేయాలి. అంతా కుదుటపడ్డాక, నెలల తర్వాత అసలుది. మొదటిసారి ప్లేటు తీసి అద్దం ఇచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే పైన గుహలా కన్నం, లోపల ఎర్రగా తడి. అమ్మ చాలాసేపు చూసుకుంది. మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. ప్లేటు పెట్టగానే గొంతు తిరిగొచ్చింది. అప్పుడు అన్న మాట: "ఈ డొల్లలోంచి ఇన్నాళ్ళూ పొగ పోసినాను."

రోజూ రాత్రి ఇంట్లో చేసే పని ఇది. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి, సూది లేని పెద్ద సిరంజిలోకి తీసుకుని, అమ్మ బేసిను మీదకి వంగితే కన్నంలోకి మెల్లగా చిమ్మాలి. గోరువెచ్చగా ఉండాలి. ఎండిన పక్కులు నీటితో నానితే ఊడొస్తాయి, గోటితో పీకకూడదు. ప్లేటుని మెత్తటి బ్రష్షుతో సబ్బునీళ్ళలో తోమాలి. మరిగే నీళ్ళలో వేశామో వంకర పోతుంది, ఇంక నోట్లో ఇమడదు. మొదట నేను చేశాను, తర్వాత మరదలు. కొన్నాళ్ళకి అమ్మ మా ఇద్దర్నీ అవతలికి పొమ్మని తలుపేసుకుని తనే చేసుకోవడం మొదలెట్టింది. అప్పుడు తేలికపడ్డాం.

తీసిన కండ రిపోర్టు వచ్చాక ఇంకో నిర్ణయం. అంచులు శుభ్రంగానే ఉన్నాయి, మెడలో ఒక గ్రంథిలో జబ్బుంది. ఆ గ్రంథి పొర దాటి బయటకి పాకలేదు. రేడియేషన్ కావాలి, కీమో అక్కర్లేదు అన్నారు. పొర దాటినా, అంచుల్లో జబ్బు మిగిలినా రెండూ కలిపి ఇస్తారట. మా వైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. ఆ మాటకే సగం మంది భయపడి పారిపోతారు. అమ్మా వద్దంది. ఈసారి నేను ఆమె పక్షాన గబుక్కున నిలబడలేదు. నిర్ణయం ఆమెదే అన్నంత మాత్రాన మన అభిప్రాయం మింగేయాలని కాదు గదా. వద్దంటే ఏమవుతుందో డాక్టరు చేత మళ్ళీ చెప్పించాను, అప్పటికే సగం కరెంటు అయిన, పలాస నుంచి వచ్చిన ఒకామెని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టాను. ఆమె తన మెడ మీద నల్లబడ్డ చర్మం చూపించి, నొప్పి ఉంటుందమ్మా, లేదని చెప్పను అంది. ఆ మాటతోనే అమ్మ ఒప్పుకుంది. నొప్పి లేదని మేం చెప్పినంత కాలం నమ్మలేదు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. ఆపరేషనైన ఆరు వారాల్లోపే మొదలెట్టాలి, మధ్యలో మానకూడదు. మొహానికి సరిపడేలా వల లాంటి ప్లాస్టిక్ మాస్కు చేస్తారు, దాన్ని బల్లకి బిగించి కదలకుండా పడుకోబెడతారు. మూడో వారానికి నోరంతా పూత. చోడి జావ, అంటే రాగి జావ, వడగట్టి, పాలు, పచ్చసొన గిలక్కొట్టి, ఏదోలా బరువు తగ్గకుండా చూడాలి. ప్రతి వారం తూకం వేస్తారు. బరువు జారిపోతుంటే ముక్కు గొట్టం పెట్టడమే మంచిది, అది ఓటమి కాదు. దవడలు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి నోరు తెరిపించే వ్యాయామం ఉంది. అమ్మకి దాని మీద ఎంత కోపమంటే, మా మీద కూడా అంత లేదు.

నొప్పికి మార్ఫిన్ రాసినప్పుడు తమ్ముడు మళ్ళీ బెంబేలెత్తాడు, అలవాటైపోతుందని. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడే మార్ఫిన్‌తో అలాంటి భయం అక్కర్లేదు. మలబద్ధకం ఖాయం, దానికి మందు పక్కనే రాయించుకోవాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఒకప్పుడు అది దొరకడమే గగనం. 2014లో చట్టం సవరించాక నిబంధనలు సడలాయి. అయినా చిన్న ఊళ్ళ మందుల షాపుల్లో వెతకొద్దు, చికిత్స చేసిన ఆసుపత్రిలోనే నొప్పి విభాగాన్ని అడగండి. పాలియేటివ్ కేర్ అనే ఆ విభాగం ఆఖరి రోజుల కోసమేననుకోవడం పొరపాటు. వైద్యం నడుస్తున్నప్పుడే వాళ్ళ అవసరం ఎక్కువ.

డబ్బు మాట క్లుప్తంగా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ ఆపరేషనుకీ రేడియేషనుకీ కీమోకీ వర్తిస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. డెబ్భై నిండినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు 2024లో వచ్చింది. బయట స్కాన్లు చేయించి అప్పుల పాలవ్వకముందే ఆసుపత్రిలో ఈ పథకాల సహాయక బల్ల దగ్గరకి వెళ్ళండి. చికిత్స కోసం ప్రయాణమయ్యే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు టిక్కెట్టు ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం రాయితీ, డాక్టరు సంతకంతో ఫారం ఉంటుంది. వెనకటిలా అందరూ ముంబయి పోనక్కర్లేదు. టాటా మెమోరియల్ వాళ్ళదే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ పక్కన అగనంపూడిలో ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి ఉండనే ఉంది.

చివరికి వైద్యమంతా అయ్యాక ఒక సాయంత్రం అమ్మే ఎత్తింది. "మళ్ళీ వస్తే?" తమ్ముడు లేచి వెళ్ళిపోబోయాడు, కూర్చోమంది. మళ్ళీ వస్తే ఇంకోసారి కోయించుకోనంది. నొప్పి లేకుండా మందులిప్పిస్తే చాలు, గొట్టాలతో ఆసుపత్రిలో ఉంచొద్దు, ఇంట్లో ఉంచండి అంది. అలాంటి కోరికలు ముందే రాసిపెట్టుకునే హక్కు మనిషికి ఉందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే సరిపోతుంది. అమ్మ చెప్పింది చెప్పినట్టు నేను తెలుగులో రాశాను. రాసేటప్పుడు ఒకచోట "గౌరవంగా" అన్న మాట కలిపితే, నానలా అనలేదు తీసేయమంది.

ఇప్పుడు చెకప్పులు నడుస్తున్నాయి. మొదటి ఏడాది తరచుగా, ఆ తర్వాత దూరం దూరంగా. మెడకి రేడియేషన్ పడింది గనక ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. అమ్మ చేపల పులుసు తింటోంది, ముళ్ళు నేను తీసి పెడతాను. కారం తగ్గించమంటే ఊరుకోదు. వచ్చే చెకప్పుకి నన్ను సెలవు పెట్టొద్దంది, బస్సులో ఒక్కతే వెళ్ళొస్తుందట, డాక్టరుతో తనే మాట్లాడుతుందట. తమ్ముడు ససేమిరా అంటున్నాడు. ఆ తగువు ఇంకా తేలలేదు.